సొంత నోరు, అద్దె నోరు: క్లైమేట్ లాబీయింగ్‌లో కంపెనీలు దాచేది ఎక్కడ

2021లో అమెరికా ఆయిల్ కంపెనీ ఎక్సాన్‌మొబిల్ వాషింగ్టన్ ఆఫీసు సీనియర్ లాబీయిస్ట్, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వం దగ్గర వాదన వినిపించే ఉద్యోగి, కీత్ మెక్‌కాయ్ ఒక వీడియో కాల్‌లో కూర్చున్నాడు. అవతలి వాళ్ళు ఉద్యోగాలకి మనుషుల్ని వెతికే రిక్రూటర్లు అనుకుని మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నిజానికి వాళ్ళు పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ యూకే కింద పనిచేసే అన్‌ఎర్త్‌డ్ అనే జర్నలిస్టుల టీమ్. జూన్ 30న ఆ రికార్డింగ్ బ్రిటన్‌లో చానల్ 4 న్యూస్‌లో వచ్చింది. కార్బన్ ట్యాక్స్‌కి మేం సపోర్ట్ అని కంపెనీ ఏళ్ళ తరబడి చెప్తోంది కదా, దాని గురించి అడిగితే, అది ఎలాగూ రాదని తెలుసు, కానీ మీరు దేనికి అనుకూలం అని ఎవరైనా అడిగినప్పుడు చెప్పుకోడానికి ఒక మాట ఉంటుంది అన్నట్టు చెప్పాడు. అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్ కమిటీల ముందు ఇబ్బంది పెట్టే ప్రశ్నలకి జవాబులు చెప్పాల్సొస్తే కంపెనీ నేరుగా వెళ్ళకుండా తాము సభ్యులుగా ఉన్న కంపెనీల సంఘాల్ని, అదే అసోసియేషన్లని, ముందుకి తోస్తామని కూడా చెప్పాడు.

సీఈఓ డారెన్ వుడ్స్ వెంటనే క్షమాపణ చెప్పి, ఆ మాటలు కంపెనీ వైఖరి కాదన్నాడు, మెక్‌కాయ్ కూడా సారీ చెప్పాడు. దొంగచాటుగా రికార్డ్ చేయడం కరెక్టా కాదా అనేది వేరే చర్చ. ఇక్కడ పట్టుకోవాల్సింది ఆ రెండో మాట, అసోసియేషన్లని ముందుకి తొయ్యడం గురించి చెప్పింది. ఎందుకంటే క్లైమేట్ పాలసీ విషయంలో పెద్ద కంపెనీలకి రెండు నోళ్ళుంటాయి. ఒకటి సొంత నోరు, అది వెబ్‌సైట్లో, సస్టైనబిలిటీ రిపోర్టులో, టీవీ యాడ్‌లో మాట్లాడుతుంది. రెండోది అద్దె నోరు, అంటే చందా కట్టి నడిపించే ట్రేడ్ అసోసియేషన్, లేదా పేరులో ఎక్కడా కంపెనీ వాసన రాని ఏదో ఒక ఫోరం. చట్టం రాసే గదిలో ఎక్కువగా వినపడేది ఈ రెండోదే, రికార్డులో తక్కువ కనపడేదీ ఇదే.

లాబీయింగ్ అనగానే మన దగ్గర పైరవీ అనే మాట గుర్తొస్తుంది కానీ రెండూ ఒకటి కాదు. కొత్త రూల్ వస్తుంటే దానివల్ల నష్టపోయే వాడో లాభపడే వాడో వెళ్ళి తన వాదన చెప్పుకోవడం తప్పేమీ కాదు, రైతు సంఘాలు చేస్తాయి, టీచర్ల యూనియన్లు చేస్తాయి, ఫ్యాక్టరీ ఓనర్లూ చేస్తారు, ప్రభుత్వానికి కూడా ఆ సమాచారం కావాలి. సమస్యల్లా ఎవరు అడిగారో, ఏం అడిగారో, ఆ అడగడానికి డబ్బు ఎవరిచ్చారో మిగతా జనానికి తెలియకపోవడం, ఇంకా దారుణం ఏంటంటే ఆ కంపెనీలో వాటాలున్న వాళ్ళకి, ఒక్కోసారి బోర్డులో కూర్చున్న డైరెక్టర్లకి కూడా తెలియకపోవడం.

అమెరికాలో దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1995 నాటి లాబీయింగ్ డిస్‌క్లోజర్ చట్టం ప్రకారం మూడు నెలలకోసారి లెక్క దాఖలు చెయ్యాలి, ఎంత ఖర్చు పెట్టారు, ఏ బిల్లు మీద పనిచేశారు, సెనేట్‌లో మాట్లాడారా ప్రతినిధుల సభలోనా లేక ఏదైనా ప్రభుత్వ శాఖతోనా, ఇవన్నీ రాయాలి. ఆ ఫారంలో లేని గడి ఒక్కటే, ఆ బిల్లు కావాలని అడిగారా వద్దని అడిగారా అనేది. ఒక ఆయిల్ కంపెనీ మీథేన్ రూల్ మీద లాబీయింగ్ చేశాం అని రాస్తే, రూల్ గట్టిగా ఉండాలని చేసిందో ఎత్తేయమని చేసిందో ఆ కాగితం చూసి చెప్పలేం. ఇక అసోసియేషన్‌కి కట్టిన చందాలో ఎంత భాగం లాబీయింగ్‌కి వెళ్ళిందో కంపెనీకి మాత్రం సుమారుగానైనా తెలుసు, ఎందుకంటే అంతమేరకి ట్యాక్స్ మినహాయింపు రాదు కాబట్టి మామూలుగా అసోసియేషనే సభ్యులకి ఆ లెక్క చెప్తుంది. అంటే అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆ నంబర్ ఉంటుంది, జనానికి చెప్పడం మాత్రం కంపెనీ ఇష్టం.

మీథేన్ సంగతే కాస్త దగ్గర్నుంచి చూస్తే ఈ రెండు నోళ్ళ లెక్క తేటతెల్లమవుతుంది. మీథేన్ అంటే సహజవాయువులో ముఖ్యమైన భాగం, బావుల దగ్గరా పైపుల దగ్గరా లీకైపోతూ ఉంటుంది, 20 ఏళ్ళ లెక్కలో చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు బలమైంది. ఒబామా టైంలో ఈ లీకుల మీద రూల్ పెట్టారు, 2020 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం దాన్ని సడలించింది. అప్పుడు ఆయిల్ కంపెనీలు షెల్, బీపీ, ఎక్సాన్ మూడూ మీథేన్ మీద ఫెడరల్ రూల్ ఉండాల్సిందే అని బహిరంగంగా చెప్పాయి. కానీ ఆ మూడూ సభ్యులుగా ఉండి చందాలు కడుతున్న అమెరికా ఆయిల్, గ్యాస్ కంపెనీల సంఘం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అదే ఏపీఐ, సడలింపుని సమర్థించింది. పాము చావకూడదు కర్ర విరగకూడదు అనే సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. కంపెనీకి మంచి పేరు కంపెనీదే, రూల్ పోయిన లాభం అందరిదీ, తిట్లు మాత్రం అసోసియేషన్‌కి, అక్కడ మళ్ళీ వందల మంది సభ్యులుంటారు కాబట్టి తిలాపాపం తలాపిడికెడు.

ఇది నిన్న మొన్నటిది కాదు. 1989లో గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అనే గ్రూప్ పెట్టుకున్నారు, ఆయిల్, బొగ్గు, కార్ల కంపెనీలు కలిసి, ఉద్గారాలు తగ్గించాలన్న 1997 నాటి క్యోటో ఒప్పందాన్ని అడ్డుకోవడంలో దాని పాత్ర పెద్దది. 1998లో ఏపీఐ దగ్గర తయారైన ఒక ప్లాన్ మెమో తర్వాత బయటపడింది, మామూలు జనం క్లైమేట్ సైన్స్‌లో అనిశ్చితి ఉందని అనుకోవడం మొదలుపెడితే అదే విజయం అన్నట్టు అందులో రాసుకున్నారు. అదే కాలంలో కంపెనీల లోపలి సైంటిస్టులు ఏం చెప్పేవాళ్ళో కూడా ఇప్పుడు తెలుసు, ఎక్సాన్ సొంత సైంటిస్టులు 1977 నుంచి వేసిన అంచనాల్ని తర్వాత జరిగిన వేడితో పోల్చి 2023 జనవరిలో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, ఆ అంచనాల్లో 63 నుంచి 83 శాతం దాకా సరిగ్గానే ఉన్నాయని తేల్చింది. లోపల లెక్క కరెక్టుగా ఉంది, బయట వేరే మాట నడిచింది, ఆ మధ్యలో ఎవరు సంతకం పెట్టారు అనేదే గవర్నెన్స్ ప్రశ్న.

ఈ ప్రశ్నని గట్టిగా అడగడం మొదలుపెట్టింది ప్రభుత్వాలు కాదు, షేర్‌హోల్డర్లు. ఆస్ట్రేలియాలో 2017లో ఒక చిన్న సంస్థ, ఏసీసీఆర్, మైనింగ్ దిగ్గజం బీహెచ్‌పీ వార్షిక సమావేశంలో ఒక తీర్మానం పెట్టింది, మీరు చందాలు కట్టే అసోసియేషన్లు మీ క్లైమేట్ వైఖరికి ఎదురు మాట్లాడుతున్నాయా లేదా చూసి చెప్పండి అని. ఓట్లలో ఓడిపోయింది, అయినా ఆ ఒత్తిడికి కంపెనీ రివ్యూ చేసి బయటపెట్టి, తర్వాతి ఏడాది వరల్డ్ కోల్ అసోసియేషన్ నుంచి బయటికొచ్చేసింది. 2019 ఏప్రిల్‌లో షెల్ తను సభ్యత్వం ఉన్న 19 అసోసియేషన్లని ఇలాగే పరిశీలించి, ఒకదాంతో అసలు పొసగదని తేల్చి అందులోంచి బయటికి పోతున్నట్టు ప్రకటించింది, అది రిఫైనరీల సంఘం ఏఎఫ్‌పీఎమ్. ఇంకో తొమ్మిదింటితో కొంత తేడా ఉందంది గానీ వాటిలో ఉండిపోయింది, ఆ తొమ్మిదిలో ఏపీఐ కూడా ఒకటి. 2021 జనవరిలో ఫ్రాన్స్ కంపెనీ టోటల్ ఏపీఐ నుంచే వెళ్ళిపోయింది, మీథేన్ రూల్ సడలింపుకి మద్దతివ్వడాన్ని కారణాల్లో ఒకటిగా చెప్పింది. అదే ఏడాది మార్చిలో ఏపీఐ కార్బన్‌కి ధర పెట్టడాన్ని మేమూ ఒప్పుకుంటాం అంది. ఒక్క రాజీనామాతోనే అంత మార్పొచ్చిందని చెప్పలేం, అమెరికాలో ప్రభుత్వం కూడా మారింది అప్పటికే, కానీ సభ్యులు లేచి వెళ్ళిపోతారనే భయం అసోసియేషన్ మాటని ఎంత త్వరగా మెత్తబరుస్తుందో మాత్రం కనపడింది.

ఓట్లు కూడా మారాయి. 2020లో ఆయిల్ కంపెనీ షెవ్రాన్‌లో బీఎన్‌పీ పారిబా అసెట్ మేనేజ్‌మెంట్ అనే ఇన్వెస్టర్ సంస్థ పెట్టిన తీర్మానానికి 53 శాతం ఓట్లొచ్చాయి, మీ లాబీయింగ్ భూమి వేడెక్కడాన్ని కట్టడి చెయ్యాలన్న 2015 నాటి పారిస్ ఒప్పందానికి తగ్గట్టు ఉందో లేదో రిపోర్ట్ ఇవ్వండి అనేదే అందులో అడిగింది. 2021లో ఎక్సాన్‌లో అలాంటి తీర్మానానికే 64 శాతం, నార్‌ఫోక్ సదరన్ అనే రైల్వే కంపెనీలో 76 శాతం. ఇవన్నీ సలహా ఓట్లే, కంపెనీ పాటించి తీరాలని లేదు, కానీ వాటాదారులు సగానికి పైగా ఓట్లతో అడిగిన దాన్ని బోర్డు పక్కన పెట్టాలంటే కష్టం. 2022 మార్చిలో ఇన్వెస్టర్లు కలిసి క్లైమేట్ లాబీయింగ్ మీద ఒక గ్లోబల్ స్టాండర్డ్ తెచ్చారు, అందులో 14 సూచికలు, బోర్డులో దీనికి బాధ్యత ఎవరిది అనేది దగ్గర్నుంచి, అసోసియేషన్ దారి తప్పితే కంపెనీ ఏం చర్య తీసుకుంటుంది అనేదాకా.

అయితే ఈ రివ్యూల్లో ఒక పెద్ద లోపం ఉంది, అది చెప్పుకోకపోతే విషయం సగమే చెప్పినట్టు. కంపెనీ తన అసోసియేషన్‌ని తనే పరీక్ష పెట్టి తనే మార్కులేస్తుంది. ఎక్కువసార్లు చూసేది అసోసియేషన్ వెబ్‌సైట్లో పారిస్ ఒప్పందానికి మద్దతు అని రాసుందా లేదా అనేది, ఆ ఏడాది ఏ బిల్లుని ఆపడానికి ఎన్ని లెటర్లు రాసింది అనేది కాదు. లండన్‌లో 2015 నుంచి పనిచేస్తున్న ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ లాంటి సంస్థలు ఆ లెటర్లు, కన్సల్టేషన్ జవాబులు, వాంగ్మూలాలు ఏరి తెచ్చి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తాయి, కంపెనీ సొంతంగా వేసుకున్న మార్కులకీ వీటికీ పొంతన కుదరని సందర్భాలు చాలా. కాబట్టి రిపోర్ట్ వచ్చింది అంటే పారదర్శకత వచ్చేసినట్టు కాదు. బిల్లు పేరు, దాని మీద అడిగింది ఏంటి, ఒప్పుకున్నది ఎవరు, ఈ మూడూ ఉంటేనే అది లెక్క.

ఎవరూ అడక్కపోతే ఏమవుతుంది అనేదానికి ఒహాయో రాష్ట్రం కథ చూడాలి. అక్రన్ ఊర్లో హెడ్డాఫీసు ఉన్న ఫస్ట్‌ఎనర్జీ అనే కరెంట్ కంపెనీ, దాని అనుబంధ సంస్థ చేతిలో నష్టాల్లో ఉన్న రెండు అణు విద్యుత్ కేంద్రాలు, పెర్రీ, డేవిస్-బెస్సీ. 2018 మార్చిలో ఆ అనుబంధ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వాటిని జనం డబ్బుతో నిలబెట్టాలంటే చట్టం కావాలి, చట్టం కావాలంటే సభలో పట్టు కావాలి. అక్కడ లారీ హౌస్‌హోల్డర్ అనే రిపబ్లికన్ నాయకుడు స్పీకర్ అవ్వాలని చూస్తున్నాడు. జనరేషన్ నౌ అని ఒక సంస్థ పుట్టింది, కాగితం మీద అది సమాజ సేవ కోసం పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ, అలాంటి సంస్థలు డబ్బిచ్చిన వాళ్ళ పేర్లు చెప్పక్కర్లేదు. సుమారు 6 కోట్ల డాలర్లు ఫస్ట్‌ఎనర్జీ వైపు నుంచి ఆ దారిన పోయాయి. ఆ డబ్బుతో 2018 ఎన్నికల్లో హౌస్‌హోల్డర్ మనుషుల్ని గెలిపించారు, 2019 జనవరిలో ఆయన స్పీకర్ అయ్యాడు, జులై 23న హౌస్ బిల్ 6 చట్టమైపోయింది.

ఆ బిల్లులో ఏముందో చూస్తే ఇది ఒట్టి లంచం కేసు కాదు, క్లైమేట్ పాలసీ కేసు అని తెలుస్తుంది. అణు కేంద్రాల కోసం ప్రతి ఇంటి కరెంటు బిల్లు మీద నెలకి 85 సెంట్లు వెయ్యాలని. రెండు పాత బొగ్గు ప్లాంట్లని ఆదుకోడానికి ఇంకో డాలరున్నర దాకా, అందులో ఒక ప్లాంట్ అసలు ఒహాయోలోనే లేదు, పక్క రాష్ట్రం ఇండియానాలో ఉంది. 2027 నాటికి 12.5 శాతం కరెంటు రెన్యూవబుల్స్ నుంచి రావాలన్న టార్గెట్‌ని 2026 నాటికి 8.5 శాతానికి దించేశారు, కరెంటు పొదుపు పథకాల్ని మూసేశారు. ఇలాంటి బిల్లుని మొదట సభలో పెట్టినప్పుడు ఆ ప్రోగ్రామ్‌కి రాసుకున్న పేరు ఒహాయో క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్. దీన్ని రద్దు చేయించడానికి జనం సంతకాల సేకరణ మొదలుపెడితే, చైనా ప్రభుత్వం మన కరెంట్ గ్రిడ్‌ని లాక్కోబోతోంది అని టీవీల్లో యాడ్స్ వేశారు, ఆ యాడ్స్ కింద కూడా కంపెనీ పేరు లేదు. నెలకి రెండు డాలర్ల చిల్లర ఎవరు పట్టించుకుంటారు అనుకోవచ్చు, అణు కేంద్రాల ఛార్జీ వసూలు కాకముందే ఆగిపోయింది కూడా, కానీ బొగ్గు ప్లాంట్ల డబ్బు కట్టింది లక్షల ఇళ్ళ వాళ్ళు, వాళ్ళకి వ్యతిరేకంగా వాళ్ళ చేతే కట్టించారు, ఇది చదువుతుంటే కడుపు మండుతుంది.

2020 జులైలో హౌస్‌హోల్డర్ అరెస్టయ్యాడు, రెండు రోజుల్లో ఫస్ట్‌ఎనర్జీ షేరు దాదాపు మూడో వంతు పడిపోయింది. అక్టోబర్‌లో బోర్డు సీఈఓ చక్ జోన్స్‌ని తీసేసింది. 2021 జులైలో కంపెనీ ప్రాసిక్యూటర్లతో చేసుకున్న ఒప్పందంలో తప్పు ఒప్పుకుని 23 కోట్ల డాలర్లు కట్టడానికి సరేనంది, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంస్థకి ఛైర్మన్ కాబోతున్న మనిషికి 43 లక్షల డాలర్లు ఇచ్చిన సంగతీ అందులోనే ఒప్పుకుంది. హౌస్‌హోల్డర్‌కి 2023 జూన్‌లో 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఇవన్నీ పేపర్ల హెడ్‌లైన్లలో వచ్చినవే. అంతగా ఎవరూ మాట్లాడుకోనిది వాటాదారులు వేసిన దావా, 2022లో 18 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, ఆ రాజీ షరతుల్లో ఆరుగురు డైరెక్టర్లు మళ్ళీ పోటీ చెయ్యకూడదు, రాజకీయ ఖర్చునీ లాబీయింగ్‌నీ బోర్డే స్వయంగా చూడాలి, ఏటా వివరాలు బయటపెట్టాలి అని రాశారు. ఈ షరతులు ముందే ఉండుంటే ఇంత జరిగేది కాదేమో, ఎందుకంటే 6 కోట్ల డాలర్లు ఒక కంపెనీ ఖాతాలోంచి కనపడకుండా పోయే మొత్తం కాదు, ఇది దేనికి అని బోర్డు మీటింగ్‌లో ఒక్కరు గట్టిగా అడిగితే చాలు.

కానీ ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. 2024 జనవరిలో ఎక్సాన్ తన సొంత వాటాదారులు ఇద్దరి మీద, ఆర్జునా క్యాపిటల్, ఫాలో దిస్ అనే సంస్థల మీద టెక్సాస్ కోర్టులో కేసేసింది. ఉద్గారాల టార్గెట్ల మీద తీర్మానం పెట్టడమే వాళ్ళు చేసింది, వాళ్ళు తీర్మానం వెనక్కి తీసుకున్నా కేసు కొంతకాలం నడిపింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్‌ఈసీ ఇలాంటి తీర్మానాల్ని కంపెనీలు పక్కన పెట్టేయడం సులువయ్యేలా గైడెన్స్ మార్చింది. యూరప్‌లో లాబీయింగ్ వివరాలు కూడా చెప్పాలి అన్న రిపోర్టింగ్ రూల్స్‌ని చాలా కంపెనీలకి వర్తించకుండా కుదించే పని అదే ఏడాది మొదలైంది. ఇష్టపడి చెప్పేవాళ్ళు చెప్తారు అనే పద్ధతికి ఉన్న బలహీనత ఇదే, ఒత్తిడి తగ్గగానే నోరు మూతపడుతుంది.

మన దేశం సంగతికొస్తే లాబీయింగ్‌కి ప్రత్యేకంగా చట్టమే లేదు. 2012లో వాల్‌మార్ట్ మన రిటైల్ మార్కెట్‌లోకి రావడం గురించి కూడా లాబీయింగ్ చేసిందని పార్లమెంటులో గొడవైంది, ఆ సంగతి బయటపడింది మన ఫైళ్ళలోంచి కాదు, పైన చెప్పుకున్న అమెరికా చట్టం కింద ఆ కంపెనీ అక్కడ దాఖలు చేసిన కాగితాల్లోంచి. తర్వాత మన మార్కెట్ రెగ్యులేటర్ సెబీ కొంత చేసింది. 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం పట్ల బాధ్యత గురించి చెప్పే బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్ట్ ఇవ్వాలి, హైదరాబాద్ ఫార్మా, సిమెంట్ కంపెనీల వార్షిక నివేదికల్లో కూడా ఇది ఉంటుంది. అందులో ఏడో సూత్రం సరిగ్గా దీని గురించే, ప్రభుత్వ విధానాల్ని ప్రభావితం చేసేటప్పుడు బాధ్యతగా, పారదర్శకంగా ఉండాలి అని. కింద రెండు రకాల ప్రశ్నలుంటాయి. తప్పనిసరిగా నింపాల్సింది ఎన్ని ఛాంబర్లలో సభ్యత్వం ఉంది, వాటిలో పెద్దవి పది ఏవి అనేది, సీఐఐ, ఫిక్కీ, హైదరాబాద్‌లో అయితే ఎఫ్‌టీసీసీఐ, ఇలా పేర్లు రాసేస్తే అయిపోతుంది. అసలైన టేబుల్ దాని తర్వాత ఉంది, ఏ విధానం కోసం వాదించారు, ఏ పద్ధతిలో, ఆ సమాచారం బయట దొరుకుతుందా, బోర్డు దీన్ని ఎన్నాళ్ళకోసారి చూస్తుంది. అమెరికా ఫారంలో కూడా లేనంత మంచి ప్రశ్నలు ఇవి, కానీ ఇది లీడర్‌షిప్ ఇండికేటర్, అంటే ఇష్టముంటేనే నింపే ప్రశ్న, కింద పెట్టారు కాబట్టి ఖాళీగా వదిలేసినా తప్పులేదు.

ఆ టేబుల్ ఎందుకు ముఖ్యమో కార్ల విషయంలో తెలుస్తుంది. 2027 ఏప్రిల్ నుంచి రావాల్సిన కేఫ్-3 నిబంధనలు, అంటే ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ సగటున కిలోమీటరుకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలొచ్చు అనే లెక్క. 2025 సెప్టెంబర్‌లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో 909 కిలోల లోపు బరువున్న చిన్న పెట్రోల్ కార్లకి ప్రత్యేక వెసులుబాటు కనపడింది. చిన్న కార్లకి ఊరట ఉండాల్సిందే అని మారుతి, వద్దని టాటా, మహీంద్రా. రెండు వైపులా వాదనకి బలముంది, చిన్న కారు తక్కువ తాగుతుంది నిజమే, వెసులుబాటు ఇస్తే ఎలక్ట్రిక్ వైపు తొందర తగ్గుతుందనేదీ నిజమే. కానీ ఒకే అసోసియేషన్‌లో ఉన్న కంపెనీలు ఇలా చీలిపోయాయని, ఎవరు ఏ వైపో, జనం పేపర్ల కథనాల్లోంచి ఏరుకోవాల్సొచ్చింది.

ఇదంతా బయటపెట్టడం కుదరని పనేమో అనుకునేవాళ్ళు ఒకసారి మన విద్యుత్ నియంత్రణ మండళ్ళ టారిఫ్ ఆర్డర్ తెరిచి చూడాలి, ఆంధ్రదైనా తెలంగాణదైనా. ఛార్జీలు పెంచాలని డిస్కంలు అడిగినప్పుడు అభ్యంతరాలు పిలుస్తారు, బహిరంగ విచారణ పెడతారు. బోరు మోటారు రైతు తరఫున సంఘం వాళ్ళొచ్చి మాట్లాడతారు, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల వాళ్ళు, ఛాంబర్ వాళ్ళు కూడా రాతపూర్వకంగా ఇస్తారు. తర్వాత వచ్చే ఆర్డర్ వందల పేజీలుంటుంది, చదవడం విసుగే, కానీ అందులో అభ్యంతరం ఏంటి, దాని కిందే డిస్కం జవాబు, ఆ కిందే మండలి ఏమనుకుంది అని వరసగా అచ్చేసి ఉంటుంది, వెనక పేజీల్లో అభ్యంతరాలు చెప్పిన వాళ్ళ పేర్ల జాబితా. యూనిట్‌కి పది పైసలు తగ్గించమని అడిగిన ఫ్యాక్టరీ కూడా ఆ జాబితాలో పేరు రాయించుకునే అడుగుతుంది.